లోపల ఏమీ రాయని కార్డు

2000 నవంబరు 30, గురువారం

అల్లుడు గారు మా సాలేహాను తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు! రంజాను పండుగకి నా బిడ్డ తన ఇంట్లో ఉంటుంది. అల్‌హమ్దులిల్లా. ఇంకోసారి రాసుకుంటున్నాను, చెయ్యి ఆగడం లేదు, అల్‌హమ్దులిల్లా.

మధ్యాహ్నం నమాజు చేసి మసీదు మెట్లు దిగుతుంటే ఎస్టీడీ బూత్ ఆయన కేకేశాడు, కంకిపాడు నుంచి ఫోనని. ఒక కాలికే చెప్పు తొడుక్కుని పరిగెత్తాను. లైన్లో ఉన్నది తారిక్ బాబు మేనమామ, ఖాజా మొహిద్దీన్ గారు. మనవాడు మెత్తబడ్డాడు నిసార్ భాయ్ అన్నారు. ఒక శుక్రవారం ఇఫ్తార్‌కి మీ ఇంటికొస్తాం, మాట్లాడుకుందాం, పండుగలోపు పిల్లను పంపించండి అన్నారు. నేను ఏం జవాబిచ్చానో గుర్తు లేదు. ఏడ్చాననుకుంటాను. బూత్ ఆయన మంచినీళ్లు ఇవ్వబోయి, నాకు రోజా, ఉపవాసం అని గుర్తొచ్చి గ్లాసు మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేలోపు దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పేశాను. అక్కడితో తనివి తీరక ఆటోనగర్ వెళ్లి, నేను ఇన్నేళ్లు లారీలకి అక్షరాలు రాసిన షెడ్డులో కూడా చెప్పి వచ్చాను. అక్కడ ఇప్పుడు బ్రష్షు పట్టేవాడు లేడు, అంతా రేడియం స్టిక్కర్లే. అయినా లేచి నిలబడి చేతులు కలిపారు.

సాలేహా ముందు గదిలో వరిగడ్డి ఇస్త్రీ చేస్తోంది. నానబెట్టిన పరకని బ్లేడుతో నిలువుగా చీల్చి, విప్పి, దాని మీద ఇస్త్రీపెట్టె జరిపితే బంగారు రేకులాగా పరుచుకుంటుంది. ఆ రేకుల్ని చందమామలుగా, నక్షత్రాలుగా కోసి నల్ల చార్టు మీద అంటిస్తుంది. అవే దాని గ్రీటింగు కార్డులు. ఈ ఏడు క్రిస్మసూ, రంజానూ, జనవరి ఫస్టూ ఒక్క వారంలో వచ్చి పడ్డాయి, వాటి వెనకే సంక్రాంతి. ఊపిరాడనంత పని. నేను వెళ్లి సంగతి చెప్పాను. దాని చెయ్యి ఆగిపోయింది. గడ్డి మాడిన వాసన వచ్చేదాకా పెట్టె అక్కడే ఉంది. సంతోషం తట్టుకోలేకపోతే మనిషి అలాగే అవుతాడు.

తర్వాత ఒక్కటే అడిగింది. "ఆయనే మాట్లాడారా అబ్బా, ఎవరిచేతనైనా చెప్పించారా?"

పెద్దవాళ్లచేత చెప్పించడమే మర్యాద అమ్మా అన్నాను.

మాడిన పరకలు ఏరి పక్కన పెట్టింది.

డిసెంబరు 2, శనివారం

రెండు రోజులైంది, కడుపులో ఇంకా ఆనందమే. రోజా ఉన్నట్టే తెలియడం లేదు.

న్యాయంగా ఆలోచించాలి. తారిక్ బాబు ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా? లేదు. తాగుతాడా? ఆ వాసనే తెలియదు. కంకిపాడు సెంటర్లో పైపులు, మోటార్ల షాపు, పైన మేడ, రైతులంతా సేఠ్ గారూ అని పిలుస్తారు. మాట్లాడడు, అంతే. పెళ్లయిన కొత్తలో చుట్టాల ముందు ఆయన చెప్పిన ఏదో మాటని సాలేహా సరిదిద్దిందట. అది మొదలు భార్యతో మాట మానేశాడు. ఏం కావాలన్నా వాళ్లమ్మతో అంటాడు, నీళ్లు పెట్టమను, లైటు ఆర్పమను అని. వాళ్లమ్మ లేకపోతే గోడ వైపు తిరిగి గోడకి చెబుతాడట. చాలా కాలం అలాగే ఉండి, పోయిన ఏడు సాలేహా ఒక సంచీతో వచ్చేసింది. "అబ్బా, ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు" అంది. అప్పుడు నాకూ కోపం వచ్చింది. ఎంతకాలమని ఉంటుంది కోపం? మాట్లాడకపోవడం ఒక జబ్బు కాదు, ఒక దెబ్బ కాదు. దానికి గాయం ఎక్కడుంది చూపించమంటే చూపించలేం.

నాకు చూపించగల గాయాలున్నాయి. మంగళగిరిలో మా చెల్లెలు సనోబర్ కూతురి పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర మా తమ్ముడి భార్య రహీమున్నీసా అందరూ వినేటట్టు అడిగింది, సాలేహా ఇంకా పుట్టింట్లోనే ఉందా, వాళ్ల నాన్న పెయింటు డబ్బాలు కడగడానికా అని. సనోబర్ అడ్డం చెప్పకపోగా ఫోటో తీసేటప్పుడు నా బిడ్డని పక్కకి జరగమంది. పెళ్లికూతురి పక్కన మంచిది కాదట. సొంత చెల్లెలు. దానికి నేను భుజాల మీద ఎక్కించుకుని కృష్ణ ఒడ్డు చూపించాను. ఇప్పుడు చెబుతాను ఒక్కొక్కళ్లకీ.

ఒక చిన్న పని చేశాను. ఇది నేను తప్ప ఎవరూ చదివేది కాదు గనక రాసుకోవచ్చు.

సాలేహా తన కార్డుల లోపల ఏమీ రాయదు. కొన్నవాళ్ల మాట కొన్నవాళ్లు రాసుకోవాలి, నా మాట ఎందుకు అంటుంది. నాకేమో ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. బోర్డు తెల్లగా ఉందంటే పని అవలేదని అర్థం. పోయిన నెల దాని పెట్టెలోంచి ఒక మంచి కార్డు తీశాను, గడ్డి చందమామ, కింద నదిలో పడవ. లోపల పెన్సిలుతో పైనొక గీత, కిందొక గీత గీసుకున్నాను. దాని చేతిరాత ఒకటి ముందు పెట్టుకుని ఆ వాటంలోనే రాశాను. మాసిపోయిన పాత బోర్డులు ఎన్నింటిని అదే రాతలో మళ్లీ నిలబెట్టాను నేను, ఇదెంత పని. ఆరాక గీతలు రబ్బరుతో చెరిపేసి, కవర్లో పెట్టి తారిక్ బాబుకి పోస్టు చేశాను. మా ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ అయినా చదువుకున్నది తెలుగే, అల్లుడు గారు కూడా అంతే, అది కలిసొచ్చింది.

"తప్పంతా నాదే. మీరు వచ్చి తీసుకెళ్తే వస్తాను. మీ ఇంట్లో ఒక మూల చోటిస్తే చాలు. సాలేహా."

రాస్తుంటే నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఇది ఎవరో ఒకరు రాయాల్సిన మాటే. అది రాయలేదు, నేను రాశాను. తండ్రి చెయ్యి కూతురి చెయ్యి కాకుండా పోతుందా?

డిసెంబరు 5, మంగళవారం

ఫోను లేదు. బూత్ దగ్గర రెండుసార్లు ఊరికే నిలబడి వచ్చాను.

డిసెంబరు 8, శుక్రవారం

ఈ శుక్రవారం కుదరలేదని కబురు. వచ్చే శుక్రవారం తప్పకుండా. పెద్ద షాపు, ఎన్ని పనులుంటాయో.

ఇవాళ ఇంట్లో సందడి. పక్కింటి దానమ్మ పొద్దున్నే వెదురు బద్దల కట్ట వేసుకుని వచ్చేసింది. వాళ్ల చర్చికి, ఆ చుట్టుపక్కల ఇళ్లకి క్రిస్మస్ నక్షత్రాలన్నీ ఈమే కడుతుంది. బద్దలు వంచి దారంతో బిగిస్తుంది, మైదా జిగురు కాస్తుంది, సాలేహా గాలిపటాల కాగితం అంటిస్తుంది. ఇద్దరికీ పోయిన ఏడు స్నేహం కలిసింది. దానమ్మ నోటికి మాత్రం మూత లేదు. అల్లుడు గారు వస్తున్నారట కదా బాబాయ్ గారూ అంది. అవునమ్మా అని నేను మురిసిపోతుంటే, "నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయేమోనని దాచుకునే మనిషి కదా, ఇఫ్తార్‌కైనా తెరుస్తారా" అంది. సాలేహా తల వంచుకుని జిగురు రాస్తూనే ఉంది. ఆడవాళ్ల పరాచికాలకి నేను జవాబు చెప్పను.

సాయంత్రం వెంకటప్పయ్య గారు స్కూటరు మీద వచ్చారు. బీసెంట్ రోడ్డులో పుస్తకాల షాపు ఈయనది, డిసెంబరు వస్తే షాపు ముందు బల్ల వేసి గ్రీటింగులు పెడతారు. కార్డులు తీసుకెళ్లడానికి మనిషిని పంపేవారు, ఇవాళ తనే వచ్చారు. బొంబాయి కార్డులు పాటలు పాడతాయండీ, అయినా జనం మీ అమ్మాయి గడ్డి కార్డు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి ఎవరు చేశారా అని చూస్తున్నారు అన్నారు. ఇకనుంచి వెనకాల నీ పేరు రాయమ్మా అన్నారు. సంక్రాంతి వెళ్లాక షాపులో గుమ్మం పక్క మూల ఖాళీ చేయిస్తాను, ఏడాది పొడుగునా పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ కార్డులు పెట్టుకోండి, మీరిద్దరే వచ్చి కూర్చోండి అన్నారు.

"కుర్చీ వేస్తారా అండీ, పీటా?" అంది దానమ్మ.

"నువ్వు కూర్చుంటే కుర్చీ చాలదులే, బెంచీ వేయిస్తాను."

సాలేహా నవ్వింది. పెదవులతో కాదు, వాళ్లమ్మ బతికుండగా నవ్వేదే, అలా గట్టిగా. నవ్వుతూ చేతిలో నక్షత్రం వదిలేసింది. దాన్ని అలా చూసి నాకు గుండె నిండింది అని రాద్దామనుకున్నాను. నిజానికి భయం వేసింది.

వెంకటప్పయ్య గారిని వీధి దాకా సాగనంపుతూ మెల్లిగా చెప్పాను, పిల్ల కాపురానికి వెళుతోంది, ఆశలు పెట్టకండి అని. ఆయన హెల్మెట్ పెట్టుకుంటూ కంకిపాడు నుంచి సిటీకి బస్సులున్నాయి కదండీ అన్నారు. మంచి మనిషే. ఇళ్ల సంగతులు తెలియవు.

డిసెంబరు 10, ఆదివారం

ఎండలో ఆరబెట్టిన కార్డులన్నీ బోర్లా ఉన్నాయి. ప్రతి దాని వెనకా, అడుగున, చిన్నగా సాలేహా, సాలేహా, సాలేహా. నవారు మంచం నిండా అదే పేరు.

నా దగ్గరికి వచ్చి కూర్చుని సూటిగా అడిగింది, నేను వెళ్లనంటే ఏమవుతుంది అబ్బా అని.

నేను చాలాసేపు మాట్లాడాను. తమ్ముడి భార్య అన్న మాట, పెళ్లిలో ఫోటో సంగతి, మసీదులో పక్కన కూర్చునేవాళ్లు అడిగే తీరు, నేను పోయాక ఈ అద్దె ఇంట్లో దాని గతి, అన్నీ చెప్పాను. పుస్తకాల షాపులో మూల ఎక్కడ, సొంత ఇల్లు ఎక్కడ అన్నాను. వింది. నా బిడ్డ ఎప్పుడూ మధ్యలో అడ్డు రాదు.

చివర్న అంది. "సరే అబ్బా. ఆయన్ని రానివ్వండి. నాతో మాట్లాడతానని నాతోనే అనమనండి. ఎవరితోనో కాదు, నా మొహం చూసి ఒక్కసారి అంటే చాలు, వెళతాను."

ఇంత చిన్న కోరిక! అల్లుడు గారు కాదంటారా? ఇంక అంతా అయిపోయినట్టే. లేచి నమాజులో రెండు రకాతులు ఎక్కువ చదివాను.

కాసేపటికి మళ్లీ వచ్చి, వాళ్లకి ఉన్నట్టుండి మనసెలా మారింది అని అడిగింది. అల్లా నా దువా విన్నాడు అన్నాను. దువా చేయలేదా ఏం, రోజూ చేశాను.

డిసెంబరు 12, మంగళవారం

గుమ్మానికి ఆకుపచ్చ రంగు వేశాను. అంచుల్లో గీత ఎక్కడా వంకర పోలేదు.

డిసెంబరు 15, శుక్రవారం

వచ్చారు. అంతా శుభంగా జరిగింది. అన్నీ వరసగా రాసుకోవాలి.

తారిక్ బాబు, ఖాజా మొహిద్దీన్ గారు, వాళ్ల మసీదు కమిటీ పెద్దాయన ఒకరు, ముగ్గురూ కారులో వచ్చారు. ఖర్జూరాల పెట్టె, పళ్ల బుట్ట. అల్లుడు గారు నన్ను కావలించుకుని ఆరోగ్యం ఎలా ఉంది మామయ్యా, చిక్కిపోయారే అన్నారు. ఈ మనిషికి మాటలు రావని ఎవరన్నారు? గుమ్మం రంగు బాగుందన్నారు. కార్లు, వానలు, కాలవ నీళ్లు, మోటార్ల ధరలు, అన్నీ మాట్లాడారు. అజాను అయ్యింది, ఖర్జూరంతో రోజా విప్పాం. దానమ్మ గోడ మీదుగా వేడి పునుగుల పళ్లెం అందించింది. మగ్రిబ్ నమాజు చేసుకుని అందరం ముందు గదిలో కూర్చున్నాం. గడ్డీ కాగితాలూ అన్నీ పొద్దున్నే మంచం కిందకి తోయించాను.

సాలేహా టీలు తెచ్చింది. ఇచ్చి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లకుండా నా పక్కన, తారిక్ బాబుకి ఎదురుగా కూర్చుంది. తల మీద కొంగు సర్దుకుని అడిగింది.

"నేను వస్తే నాతో మాట్లాడతారా?"

అల్లుడు గారు టీ గ్లాసు కింద పెట్టారు. మేనమామ వైపు తిరిగారు. "తనే రాసింది కదా మామూ. ఇప్పుడు ఈ షరతులేంటో అడగండి."

మొహిద్దీన్ గారు ఇబ్బందిగా నవ్వి, అల్లుడి జేబులోంచి కార్డు తీసుకుని సాలేహా చేతికిచ్చారు. ఇది నీ రాతేనా అమ్మా అని అడుగుతున్నాడు, వీడి అమ్మా నాన్నా, మేమూ అందరం చదివాం, కమిటీ పెద్దలకి కూడా చూపించాం, దీన్ని చూసే అందరం మెత్తబడ్డాం అన్నారు. కమిటీ పెద్దాయన తల ఊపారు.

పైన చందమామని చూసింది. తను చేసిందే గనక ముందు కొంచెం ఆశ్చర్యపోయింది. తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది. తర్వాత కార్డుని ట్యూబులైటు కేసి వాలుగా పట్టుకుంది. అక్షరాల పైనా కిందా బొటనవేలితో నిమిరింది. చెరిపినా పెన్సిలు గీత నొక్కు పోదు, వేలికి తగులుతుంది. మామూలు మనిషి కార్డు రాస్తే గీతలు గీసుకోడు. బోర్డులు రాసేవాడు గీసుకుంటాడు.

అప్పుడు నా వైపు చూసింది. మొహం కేసి కాదు. నా చేతి కేసి.

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. మొహిద్దీన్ గారు నన్నే చూస్తున్నారు, కమిటీ పెద్దాయన చూస్తున్నారు, నా అల్లుడు చూస్తున్నాడు.

"నాదే" అంది సాలేహా.

అందరూ హాయిగా ఊపిరి వదిలారు. నేను లేచి అల్లుణ్ణి కావలించుకున్నాను. ఇరవై నాలుగో తేదీ అనుకున్నాం. సాలేహా గ్లాసులన్నీ ఒక్కొక్కటే ఏరుకుని లోపలికి వెళ్లింది. వాళ్లు వెళ్లేదాకా మళ్లీ బయటికి రాలేదు. సిగ్గు.

డిసెంబరు 16, శనివారం

పొద్దున్న గడ్డి చీలుస్తూ, తల ఎత్తకుండా అంది.

"రబ్బరు ఇంకొంచెం గట్టిగా రుద్దాల్సింది అబ్బా."

అంతే. చిన్నప్పుడు షెడ్డులో నా వెనకాల తిరుగుతూ సుద్దగీతలు తుడిచే పని దానిదే. ఒక్క గీత మిగలనిచ్చేది కాదు.

కోప్పడలేదు. కోప్పడలేదంటే మనసులో ఇష్టమేనని. నాది కాదు అనొచ్చుగా, అనలేదు. అంత మంది పెద్దవాళ్ల ముందు నా తల దించకూడదనుకుంది అని ఎవరైనా అనొచ్చు. కాదు. ఇష్టం లేకపోతే ఆ మాట అనదు. ఇష్టమే. వెళ్లాలని దానికీ ఉంది. పైకి చెప్పుకోలేదు, అంతే. ఇష్టమే.

డిసెంబరు 18, సోమవారం

దానమ్మకి ఎంత తెలిసిందో తెలియదు. గోడ దగ్గర నిలబడి, "గోడకి చెప్పే మాటలు వినడానికి పంపిస్తున్నారా బాబాయ్ గారూ పిల్లని?" అంది. నీ నక్షత్రాలు నువ్వు చూసుకో, మా ఇళ్ల సంగతులు నీకెందుకు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ఆమె మా గుమ్మంలోకి రాలేదు. సాలేహాయే వాళ్లింటికి వెళ్లి పని చేసుకుంటోంది. ముందు గది నీటుగా ఉంది. ఎక్కడా ఒక్క గడ్డిపరక లేదు.

డిసెంబరు 21, గురువారం

సనోబర్‌కి ఫోను చేశాను. ఈ సంగతి నమ్మించడానికే చాలాసేపు పట్టింది.

డిసెంబరు 24, ఆదివారం

నా బిడ్డ తన ఇంటికి వెళ్లింది. మాషా అల్లా.

షాపు వ్యాను వచ్చింది. అల్లుడు గారికి తీరలేదట, మొహిద్దీన్ గారి భార్య వచ్చారు. వెనకాల పైపులున్నాయి, వాటి మధ్యనే సాలేహా పెట్టె సర్దారు. క్రిస్మస్ కార్డులూ, ఈద్ కార్డులూ పూర్తి చేసి వెంకటప్పయ్య గారికి చేర్చేసింది. కొత్త సంవత్సరానివి సగంలో ఉన్నాయి, దానమ్మకి అప్పగించింది. సంక్రాంతివి మొదలుపెట్టలేదు. బ్లేడు, ఫెవికాల్ డబ్బా పెట్టెలో పెట్టుకుంది. ఇస్త్రీపెట్టె కూడా పట్టుకెళ్లు అన్నాను. అక్కడుంటుంది అబ్బా అంది. షాపులో మూల సంగతి వెంకటప్పయ్య గారికి ఏం చెప్పిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

దానమ్మ క్రిస్మస్ హడావిడి మానుకుని వచ్చి వ్యాను పక్కన నిలబడింది. చేతికి మైదా జిగురు అలాగే ఉంది. సాలేహా ఆ చెయ్యే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు సలాం చెప్పి, మందులు వేళకి వేసుకోమంది. నేను ఏడ్చాను. ఆడపిల్ల తండ్రి ఏడవడం మామూలే, అది సంతోషపు ఏడుపు.

మొహిద్దీన్ గారి భార్య దారంతా కబుర్లు చెబుతూ తీసుకెళ్తానంది. చాలా కలుపుగోలు మనిషి.

డిసెంబరు 28, గురువారం

ఈద్. ఈద్గాలో అందరూ అడిగారు, అందరికీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో గొంతు బొంగురుపోయింది.

షీర్ ఖుర్మా పాయసం నేనే కాచాను. అడుగంటింది.

డిసెంబరు 29, శుక్రవారం

కంకిపాడు వెళ్లి వచ్చాను. పండుగ మర్నాడు వెళ్లి బిడ్డను చూడకపోతే ఎలా. బస్సు కిటికీలోంచి రెండు పక్కలా కోతలైన పొలాలు, ఎక్కడ చూసినా పచ్చిగా మెరుస్తున్న గడ్డి. పోయిన ఏడు ఇదే రోడ్డులో బస్సు దిగి రైతుల్ని అడిగి మోపు కట్టించుకుని వెళ్లాను. ఇవాళ కూడా దిగబోయి మళ్లీ కూర్చున్నాను. ఎవరికని?

నాకు చాలా మర్యాద చేశారు. ముందు గదిలో సోఫాలో కూర్చోబెట్టారు. ఎదురుగా అద్దాల బీరువా, అందులో పింగాణీ బొమ్మలు, తాజ్‌మహల్, వాటి మధ్య ఆ కార్డు. చందమామ కనబడటం లేదు. లోపలి పేజీ మనుషుల వైపు ఉండేటట్టు తెరిచి నిలబెట్టారు. పండుగకి వచ్చిన వాళ్లందరికీ వియ్యపురాలు చూపిస్తోంది, మా కోడలు రాసింది చదవండి అని. వచ్చినవాళ్లు వంగి చదువుతున్నారు. నేను సోఫాలోంచే చదవగలిగాను. అక్షరాలు అంత దూరానికీ స్పష్టంగా కనబడుతున్నాయి. తప్పంతా నాదే. ఒక్క గీత తప్పలేదు.

సాలేహా వంటింట్లో ఉంది. తలుపు తెరిచే ఉంది, కత్తిపీట మీద ఉల్లిపాయలు కోస్తున్న చప్పుడు కూడా నాకు వినబడుతోంది. అల్లుడు గారు నాతో ఎంతో ఆప్యాయంగా షాపు సంగతులు చెబుతూ, మధ్యలో అన్నారు.

"మామయ్యా, టీ తెమ్మనండి."

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన నా వైపే చూస్తున్నారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, వాళ్లమ్మ పక్కింటికి వెళ్లింది. గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. నేను వంటింటి వైపు తిరిగి, అమ్మా సాలేహా, టీ తెమ్మంటున్నారు అన్నాను. కత్తిపీట చప్పుడు ఆగింది.

కొంతసేపటికి మళ్లీ. "నాకు చక్కెర తక్కువ వేయమనండి మామయ్యా."

అది కూడా చెప్పాను.

టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన పేపరు చూస్తూ తాగారు. నేను ఏదో ఒకటి మాట్లాడాలని మీ టీ చాలా బాగుందన్నాను, ఎవరితో అన్నానో నాకే తెలియదు. అటక మీద దాని ఫెవికాల్ డబ్బా కనబడింది. గడ్డి ఇంట్లోకి తెస్తే పురుగులొస్తాయని వియ్యపురాలు పైన పెట్టించిందట. నిజమే, వస్తాయి.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. లోపలికి వినబడకుండా అంది.

"మీరొచ్చారు కాబట్టి ఇవాళ రెండు మాటలు నా దాకా వచ్చాయి అబ్బా. మళ్లీ రండి."

వస్తాను బిడ్డా, ఎందుకు రాను అన్నాను.

తిరుగు బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. ప్రయాణం హాయిగా జరిగింది.

2001 జనవరి 1, సోమవారం

సాలేహా తన ఇంట్లో చల్లగా ఉంది. మేడ, మర్యాద, దేనికీ లోటు లేదు. ఇది అందరికీ తెలియాలి. ఎవరినీ మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

చెల్లెలు సనోబర్, మంగళగిరి. మళ్లీ ఫోను చేయాలి. నేను కళ్లారా చూసి వచ్చానని చెప్పాలి. ఇక ముందు పెళ్లిళ్లలో నా బిడ్డ ఫోటో మధ్యలో నిలబడాలని చెప్పాలి.

తమ్ముడు, ఏలూరు. రహీమున్నీసా ఇంట్లో ఉన్నప్పుడే చేయాలి. అల్లుడు గారు నాతో ఎంతసేపు మాట్లాడారో చెప్పాలి. నాతో అని నొక్కకూడదు.

పెద్దక్క, తెనాలి. చెవులు వినబడవు, ఉత్తరమే. పిల్ల నవ్వుతోంది అని రాయాలి.

నా భార్య తమ్ముడు, గుడివాడ. దానికి ఇష్టమేనా బావా అని అడిగే మనిషి ఈయనొక్కడే. ఫోను చేయకూడదు. కార్డు ముక్క చాలు.

ఖాజా మొహిద్దీన్ గారు. ఆయనకి తెలుసు. అయినా కృతజ్ఞతలు చెప్పాలి.

దానమ్మ. చుట్టం కాదు. నేను కంకిపాడు నుంచి వచ్చిన దగ్గర్నుంచి గోడ అవతల నిలబడి నా మొహం కేసి చూస్తోంది, అడగడం లేదు. ఈమెకి నేను చెప్పలేను. ఎవరిచేతనైనా చెప్పించాలి.